కోడ్‌లో కనిపించని కారణం

ఏళ్లుగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్ జట్టులోకి కొత్తగా వచ్చినవారికి కోడ్ అంతా కనిపిస్తుంది గానీ, రెండు సర్వీసుల (విడివిడిగా నడిచే ప్రోగ్రాముల) మధ్య సందేశాలను వరుసలో నిలిపి ఉంచే ఆ క్యూ ఎందుకు పెట్టారో మాత్రం ఎక్కడా కనిపించదు. పెట్టినవారు అప్పటికే ఉద్యోగం మారి ఉంటారు. ఆర్కిటెక్చర్ నిర్ణయాలను, అంటే వ్యవస్థను ఎలా నిర్మించాలన్న నిర్ణయాలను, కారణాలతో సహా రాసిపెట్టాలని నేడు పట్టుబట్టడం వెనుక ఈ ఇబ్బందే ఉంది.

కోడ్ రూపం వెనుక మనుషుల మాటలుంటాయన్న సంగతి పాతదే: ఏ సంస్థ రూపొందించిన వ్యవస్థ అయినా అందులోని మనుషులు పరస్పరం మాట్లాడుకునే తీరునే పోలి ఉంటుందని కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968 ఏప్రిల్‌లో 'డేటామేషన్' పత్రికలో వాదించారు. అంతకుముందు అదే వ్యాసాన్ని, వాదన రుజువు కాలేదంటూ 'హార్వర్డ్ బిజినెస్ రివ్యూ' తిప్పి పంపింది.

ఆ మరుసటి ఏడాదే ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ పనిలో ఉన్న స్టీవ్ క్రాకర్ అనే పరిశోధక విద్యార్థి, 1969 ఏప్రిల్ 7న, అభిప్రాయాలు కోరుతూ తొలి ఆర్‌ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) పత్రం రాశారు. అదే నెలలో వచ్చిన మూడో పత్రం ఇంకా విలువైనదని నా అభిప్రాయం. కాగితం మీద పెట్టినదాన్ని జనం తుది మాటగా తీసుకుంటారన్న జంకుతోనే చాలామంది రాయడం మానేస్తారని గుర్తించి, నగిషీలు దిద్దడం కన్నా వేళకు రాయడమే ముఖ్యమని, కనీస నిడివి ఒక్క వాక్యమైతే చాలని అది స్పష్టం చేసింది.

2001లో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది ప్రకటించిన ఎజైల్ మేనిఫెస్టో (మార్పులకు తగ్గట్టు చురుగ్గా సాఫ్ట్‌వేర్ తయారుచేసే పద్ధతి ప్రణాళిక), తమను తాము నడుపుకునే జట్ల నుంచే మేలైన ఆర్కిటెక్చర్ వస్తుందని చెప్పింది. సమగ్రమైన డాక్యుమెంటేషన్ కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ విలువ ఇస్తామనీ అన్నది. ఈ రెండో మాటనే పట్టుకుని రాతను పూర్తిగా వదిలేసిన జట్లు నష్టపోయాయి.

2011 నవంబరులో సాఫ్ట్‌వేర్ నిపుణుడు మైకేల్ నైగార్డ్ ప్రతిపాదించిన పద్ధతి ఈ లోటును చాలావరకు తీర్చింది. ఒక్కో నిర్ణయానికి ఒకటి రెండు పేజీలకు మించని పత్రం రాసి, కోడ్ ఉన్న రిపాజిటరీలోనే ఉంచాలి. శీర్షిక, సందర్భం, నిర్ణయం, ప్రస్తుత స్థితి, పర్యవసానాలు అనే అయిదు భాగాలుండే ఆ పత్రంలో చెడు పర్యవసానాలనూ దాచకుండా రాయాలి. నిర్ణయం మారితే పాత పత్రాన్ని చెరపకుండా, దాని స్థానంలో మరొకటి వచ్చిందని గుర్తు పెట్టాలి; పత్రాలకు వరుసగా ఇచ్చే నంబర్లలో పాత పత్రం నంబరును మళ్లీ వాడకూడదు.

అలాంటి పత్రం ఒకటి ఉంటే, కొత్తగా వచ్చినవారు సందర్భం చదివి, ఆనాడు క్యూ అవసరమైన పరిస్థితి ఇప్పుడు లేదని తేల్చుకుని, దాన్ని నిర్భయంగా తీసేయగలరు.