కాలవ గట్టు మీద నడక

తాగుడు మానాలనుకునే కోనసీమ కూలీని రోజూ కాసేపు నడవమంటే, "పొద్దున్నుంచీ కొబ్బరికాయలు ఒలిచి వచ్చానండి, ఇంకా వ్యాయామం ఏంటండీ?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. దింపు, ఒలుపు, ఊడ్పులు, కోతలు అన్నిటా ఒళ్లు కదులుతుంది. కానీ ఆ వేగం అతనిది కాదు, ఎప్పుడు ఆపాలో అతని చేతిలో లేదు. "ఒళ్లు నొప్పులకి ఓ క్వార్టర్" అనే అలవాటు మొదలయ్యేది ఆ అలసటలోనే. మందుతో కునుకు త్వరగా పడుతుంది గానీ అర్ధరాత్రి దాటాక నిద్ర చెడుతుంది, తెల్లారేసరికి బడలిక అలాగే ఉంటుంది.

మనకి ఏది బాగుందో మెదడు గుర్తుపెట్టుకుని మళ్లీ దాని వైపు నడిపించడంలో డోపమైన్ అనే రసాయనానిది పెద్ద పాత్ర. మత్తు ఏళ్ల తరబడి ఆ వ్యవస్థని కుదిపేస్తే, డోపమైన్‌ని అందుకునే గ్రాహకాలు తగ్గుతాయి. అందుకే మానేసిన కొత్తలో చేపల పులుసు రుచించదు, పిల్లల కబుర్లూ మనసుకెక్కవు. "మానేశాక కూడా ఆ ముఖం ఏంటి?" అని ఇంట్లోవాళ్లు నొచ్చుకుంటారు. దయచేసి దాన్ని పొగరనుకోకండి. మెదడు ఇంకా కోలుకుంటోంది.

2016లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు మెథాంఫెటమిన్ అనే మత్తుమందు మానుతున్న కొద్దిమందితో వారానికి 3 రోజులు, రోజుకి గంట చొప్పున 8 వారాలు వ్యాయామం చేయించారు. వాళ్ల మెదడులో ఆ గ్రాహకాలు పెరిగాయి. అది చిన్న అధ్యయనం, మద్యం మీద చేసింది కాదు. అయినా నాకు అందులో చాలా ఆశ కనిపిస్తుంది. సిగరెట్ విషయంలోనైతే కాసేపు చురుగ్గా నడిచినా ఆ క్షణాన తాగాలన్న తహతహ తగ్గుతుందని చాలా పరీక్షల్లో తేలింది.

మానేయడం ఒక లెక్క, బతుకు మీద తృప్తి ఇంకో లెక్క. 1985లో ఎడ్ డీనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆ తృప్తిని కొలవడానికి 5 వాక్యాల కొలమానం తయారుచేసింది. నా బతుకు నేను కోరుకున్నట్టు ఉందా అన్నదే అందులో సారం. తన కోసం, తనకు నచ్చిన వేగంతో నడిచే అరగంట ఆ ప్రశ్నకి దగ్గరగా ఉంటుంది. కూలిపని ఎంత చేసినా అది దొరకదు.

ఒక్క జాగ్రత్త. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు. ముందు డాక్టర్ని కలవాలి. మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఉన్న సహాయ నంబరు 14446కి ఫోన్ చేస్తే దారి చెబుతారు, డబ్బు ఖర్చు కాదు.

ఇక నడకకి చోటంటారా, ధవళేశ్వరం ఆనకట్ట నుంచి పారే కాలవల గట్లు డెల్టా అంతా ఉన్నాయి. షాపు వైపు కాళ్లు లాగే వేళకే, సాయంత్రం ఆరింటికి బయల్దేరాలి. మొదటి వారం పది నిమిషాలు చాలు. గుమ్మం దగ్గరికొచ్చి "రా బావా, పోదాం" అని పిలిచే మనిషి ఒకడుంటే ఇంకా మంచిది.