మందు కనిపెడితే సరిపోదు, చేర్చాలి

ప్రియమైన పిల్లలకు,

ఇంటర్ అయ్యాక బి.ఫార్మసీలో చేరి నానోటెక్నాలజీ వైపు వెళ్తామని, అందులో పని ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. నేను మందుల కంపెనీలో ఫార్ములేషన్ పని, అంటే మందును ఒంటికి ఇవ్వదగ్గ రూపంలోకి తెచ్చే పని, చేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగం సంగతి కంటే కెనడా శాస్త్రవేత్త పీటర్ కల్లిస్ సంగతి చెప్తే మీకు ఎక్కువ ఉపయోగం. ఆయన ఫార్మసీ చదవలేదు. 1972లో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేశాడు.

ముందు అసలు చిక్కు ఏమిటో చూడండి. మందు ఒంట్లోకి వెళ్లాక జబ్బున్న చోటికే వెళ్లదు, రక్తంతో పాటు అంతటా తిరుగుతుంది. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు కణితితో పాటు గుండెనీ దెబ్బతీసేది అందుకే. ఆర్‌ఎన్‌ఏతో ఇంకా కష్టం. ఇది కణానికి జన్యు సందేశం మోసే అణువు, దీన్నీ మందుగా వాడొచ్చు. దాన్ని ఉన్నదున్నట్టు రక్తంలోకి ఎక్కిస్తే ఎంజైములు నిమిషాల్లో ముక్కలు చేసేస్తాయి. తప్పించుకున్నది కణం దాకా చేరినా పొర దాటి లోపలికి పోలేదు.

కల్లిస్ మొదలుపెట్టింది మాత్రం మందుతో కాదు. కణం పొర లిపిడ్లతో, అంటే కొవ్వు పదార్థాలతో తయారవుతుంది. పొర నిలబడడానికి ఒకటి రెండు రకాలు చాలు కదా, ప్రకృతి అన్ని రకాలు ఎందుకు పెట్టింది? ఇదీ ఆయన ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో బెన్ డి క్రైఫ్‌తో కలిసి చూస్తే, కొన్ని లిపిడ్లు బుద్ధిగా రెండు వరుసల పొరగా పరుచుకోవని, గొట్టాల్లా చుట్టుకుపోతాయని తేలింది. 1970ల చివరి మాట ఇది. దీనితో ఏ జబ్బు తగ్గుతుందని అడిగితే అప్పట్లో జవాబు లేదు.

1978లో వాంకూవర్ తిరిగి వచ్చాక లైపోసోముల, అంటే లిపిడ్ బుడగల, మీద పడ్డాడు. నీళ్లలో లిపిడ్లు తమంతట తామే చిన్న బుడగల్లా అవుతాయని 1960ల్లోనే ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ చూపించాడు. వాటిని ఒకే సైజులో చేయడం, మందుతో నింపడం పెద్ద తలనొప్పి. కల్లిస్ బృందం ఆ ద్రవాన్ని సుమారు 100 నానోమీటర్ల రంధ్రాలున్న ఫిల్టర్లలోంచి ఒత్తిడితో నెట్టింది. బుడగ లోపల ఆమ్లం ఉంచి బయట తగ్గిస్తే కొన్ని మందులు వాటంతట అవే లోపలికి పోయి అక్కడే ఉండిపోతాయని కూడా చూపించింది. సైజు ఒక్కటీ కుదరక బ్యాచ్‌లకు బ్యాచ్‌లు పారబోసే మా ఫార్ములేషన్ వాళ్లకు దీని విలువ బాగా తెలుసు. ఆ దారిలోనే వచ్చిన మార్కిబో అనే క్యాన్సర్ మందుకు 2012లో అమెరికాలో అనుమతి దొరికింది, 2022లో ఆ అనుమతి వెనక్కీ పోయింది. ఈ రంగంలో ఇది మామూలే.

ఇక ఆర్‌ఎన్‌ఏ. దానికి రుణావేశం (నెగెటివ్ చార్జి) ఉంటుంది. ధనావేశమున్న లిపిడ్ అయితే ఇట్టే పట్టుకుంటుంది, కానీ అలాంటి లిపిడ్ ఒంట్లో తిరిగితే కణాలకు విషం. ఈ ముడి విప్పింది ఒక గడుసు ఉపాయం: ఆమ్లం తగిలితేనే ధనావేశం వచ్చే లిపిడ్‌ని తయారుచేయడం. ఆమ్ల ద్రవంలో అది ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటుంది. రక్తంలో పీహెచ్ 7.4 దగ్గర ఏ ఆవేశమూ లేకుండా తిరుగుతుంది. కణం దాన్ని మింగాక చుట్టూ ఏర్పడే సంచిలో మళ్లీ ఆమ్లం, మళ్లీ ధనావేశం. అప్పుడది సంచి పొరలోని రుణావేశపు లిపిడ్లతో కలిసి, ఇద్దరూ పొరగా ఉండలేక గొట్టాల్లా చుట్టుకుంటారు. పొర చెదిరి ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. యూట్రెక్ట్‌లో చూసిన ఆ గొట్టాలే!

ఇలా లిపిడ్లలో ఆర్‌ఎన్‌ఏని చుట్టిన అతిచిన్న ఉండలే లిపిడ్ నానోకణాలు. వీటితోనే 2018 ఆగస్టులో పాటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందు వచ్చింది. వంశపారంపర్యంగా నరాలను పాడుచేసే ఒక అమిలాయిడోసిస్ జబ్బుకు మందు అది. 2020 చివర్లో అమెరికాలో ఉన్న మన బంధువులు వేయించుకోవడం మొదలుపెట్టిన ఫైజర్ కోవిడ్ టీకాలోనూ ఇలాంటి నానోకణాలే. 2023లో నోబెల్ ఆ టీకాల వెనకున్న ఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు దక్కింది. అది అందుకున్న కారికో, వైస్మన్ అందుకు నూటికి నూరుపాళ్లూ అర్హులు. అయినా చేర్చేవాడి పని ఎవరి కంటా పడదని నాకు కాస్త గుర్రు.

మన దగ్గర అది కంట పడింది 2021 మేలో. బ్లాక్ ఫంగస్‌కి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ దొరక్క జనం ఊళ్లు పట్టుకు తిరిగారు. మామూలు ఆంఫోటెరిసిన్ కిడ్నీలను బాగా దెబ్బతీస్తుంది, లైపోసోమ్‌లో పెడితే ఆ దెబ్బ తగ్గుతుంది. కానీ మాత్రలు కొట్టినట్టు రాత్రికి రాత్రి ఉత్పత్తి పెంచలేరు.

అందుకే చెప్తున్నా, నానో అన్న పేరు చూసి మురిసిపోయి చేరకండి. ల్యాబ్‌లో చిన్న సీసాలో చక్కగా వచ్చింది ప్లాంటులో పెద్ద ట్యాంకుకు వచ్చేసరికి మొండికేస్తుంది. ఏళ్లు పట్టే పని అదే. బి.ఫార్మసీ తర్వాత జీప్యాట్, నైపర్ జేఈఈ అనే ప్రవేశ పరీక్షలు రాస్తే హైదరాబాద్ బాలానగర్‌లోనే నైపర్ (కేంద్రం నడిపే ఫార్మసీ విద్యాసంస్థ) ఉంది. ఈలోగా ఫిజికల్ కెమిస్ట్రీని పాస్ మార్కుల కోసం చదవడం మానండి. పీహెచ్, ఆవేశం, తలతన్యత, ఈ రంగంలో రోజూ తగిలేవి ఇవే.

చేయడానికి ఇంకేం మిగిలిందని అడగబోతున్నారు కదా. ఈ నానోకణాలను రక్తంలోకి ఎక్కిస్తే అపోఈ అనే ప్రోటీన్ అంటుకుని ఎక్కువగా కాలేయానికే లాక్కుపోతుంది. పాటిసిరాన్‌కి అదే కలిసొచ్చింది. 2025లో ఫిలడెల్ఫియాలో ఒక పసిబిడ్డకు, ఆ ఒక్క బిడ్డ జన్యులోపం కోసమే తయారుచేసిన జన్యుసవరణ మందునీ ఇలాంటి నానోకణాల్లోనే ఇచ్చారు. ఆ లోపం కూడా కాలేయానిదే. మెదడుకు ఇంత నమ్మకంగా మందు చేర్చే నానోకణం ఇంకా ఎవరి దగ్గరా లేదు.

మీ తాతయ్య