డైర్ వుల్ఫ్ తిరిగొచ్చిందా? జవాబు 2021లోనే దొరికింది

మంచుయుగం చివర్లో అంతరించిన, తోడేలులాంటి జంతువు డైర్ వుల్ఫ్ గొడవ మళ్లీ మొదటికొచ్చింది. మామత్ అన్నా, డోడో అన్నా, న్యూజిలాండ్ మోవా పక్షి అన్నా, అంతరించిన జంతువులను తిరిగి తెస్తామనే అమెరికా కంపెనీ కొలాసల్ బయోసైన్సెస్ ఏ కొత్త మాట చెప్పినా చర్చ వెంటనే, డైర్ వుల్ఫ్‌లంటూ అది చూపించిన మూడు తెల్లటి పిల్లల మీదకే వెళ్తోంది. అవి నిజంగా డైర్ వుల్ఫ్‌లేనా, లేక రూపం మార్చిన మామూలు తోడేళ్లా? దీనికి జవాబు తేలకుండా మిగతా జంతువుల గురించి మాట్లాడటం కుదరదు.  

డైర్ వుల్ఫ్‌ను తిరిగి తెచ్చామన్న కంపెనీ ప్రకటన 2025 ఏప్రిల్ 7న వచ్చింది కాబట్టి తగాదా అప్పుడే పుట్టిందని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అసలు మలుపు 2021 జనవరిలోనే వచ్చింది. ఆ నెలలో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. ఏంజెలా పెర్రీ, గ్రెగర్ లార్సన్, లారెంట్ ఫ్రాంట్జ్ తదితరుల టీమ్ అమెరికాలోని మ్యూజియంల నుంచి డైర్ వుల్ఫ్ ఎముకలు సేకరించి వాటిలో డీఎన్‌ఏ కోసం వెతికింది. పరీక్షించిన 46 ఎముకల్లో పనికొచ్చేంత డీఎన్‌ఏ దొరికింది 5 ఎముకల్లోనే. అవి 13 వేల ఏళ్ల నుంచి 50 వేల ఏళ్లకు పైబడిన వయసు వరకు ఉన్నవి. ఆ ఐదూ చెప్పిన సంగతి ఒక్కటే: డైర్ వుల్ఫ్ వంశం సుమారు 57 లక్షల ఏళ్ల కిందటే ఇప్పటి తోడేళ్ల పూర్వీకుల నుంచి విడిపోయింది.

దీన్ని మన అడవి లెక్కలో చెప్తాను. నల్లమలలో తిరిగే రేచుకుక్క తోడేలులా కనిపించదు. ఎర్రటి ఒళ్లు, గుబురు తోక, ఈల లాంటి కూత దానివి. అయినా 2021 పరిశోధన గీసిన వంశవృక్షంలో బూడిద రంగు తోడేలుకు, అంటే ఇప్పటి మామూలు తోడేలుకు, డైర్ వుల్ఫ్ కన్నా రేచుకుక్కే దగ్గరి చుట్టం. అచ్చం తోడేలులా ఉండే డైర్ వుల్ఫ్ ఆ కొమ్మకు అవతల, విడిగా ఉంది.

అంతకుముందు 160 ఏళ్లకు పైగా ఎవరూ ఇలా అనుకోలేదు. 1854లో ఇండియానాలోని ఎవాన్స్‌విల్ దగ్గర, ఓహాయో నది ఒడ్డున, మొదటి డైర్ వుల్ఫ్ దవడ దొరికింది. 1858లో శిలాజ శాస్త్రవేత్త జోసెఫ్ లీడీ దానికి పేరు పెట్టి, తోడేళ్ల ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కేనిస్‌లో చేర్చాడు. ఆ తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో 4 వేలకు పైగా డైర్ వుల్ఫ్‌ల అవశేషాలు బయటపడ్డాయి. తారులో కూరుకుపోయిన జంతువును తిందామని వచ్చి అవీ అక్కడే ఇరుక్కుపోయాయి. అక్కడి మ్యూజియంలో ఒక గోడ ఉంది. వెనక నుంచి పడే పసుపు వెలుగులో 404 పుర్రెలు వరసలుగా పేర్చి ఉంటాయి. వెడల్పాటి నొసలు, ఎముకలు నమలగల బలమైన దవడ, పెద్ద పళ్లు. ఎటునుంచి చూసినా తోడేలే, కాకపోతే కాస్త బలిసిన తోడేలు. ఇన్ని పుర్రెలు కళ్లెదుట ఉంటే ఇంకొకలా అనుకోవడం కష్టం కూడా.

లా బ్రియా ఎముకల మీద ఏళ్ల తరబడి పనిచేసిన జాన్ మెరియమ్ మాత్రం 1918లోనే ఇది మామూలు తోడేళ్ల కోవలోకి రాదేమోనన్నాడు. అయినోసయాన్ అని వేరే ప్రజాతి పేరు కూడా సూచించాడు. ఆ పేరును దాదాపు వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. లా బ్రియా ఎముకల్లో డీఎన్‌ఏ నిలవలేదు. పెర్రీ టీమ్‌కు అక్కడి ఎముకలో దొరికింది కొలాజెన్ అనే ప్రొటీన్ మాత్రమే, అది కూడా డైర్ వుల్ఫ్ వేరన్నట్టే సూచించింది. ఇతర చోట్ల దొరికిన ఎముకల డీఎన్‌ఏ ఆ మాటను ఖాయం చేశాక, మెరియమ్ పెట్టిన పేరునే మళ్లీ వాడాలని టీమ్ సూచించింది.

ఆ పరిశోధనలో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. బూడిద తోడేళ్లు, వాటి చిన్న చుట్టాలైన అమెరికా కొయోటీలు ఎదురైతే కలుస్తాయి, పిల్లల్ని కంటాయి. ఆ జాడలు వాటి డీఎన్‌ఏలో కనిపిస్తాయి. డైర్ వుల్ఫ్‌లు, బూడిద తోడేళ్లు ఉత్తర అమెరికాలో వేల ఏళ్లు ఒకే నేల మీద బతికినా అలాంటి జాడ ఒక్కటీ దొరకలేదు. పెద్ద గుర్రాలు, అడవి దున్నలు, ఒంటెల మీద ఆధారపడ్డ డైర్ వుల్ఫ్, సుమారు 13 వేల ఏళ్ల కిందట ఆ జంతువులు పోతుంటే వాటితో పాటే పోయింది. చిన్నా పెద్దా ఏది దొరికినా తినే బూడిద తోడేలు మిగిలింది.

అంటే 2021 తేల్చిన విషయం ఇది: పుర్రె చూసి, ఒడ్డూ పొడుగూ చూసి చుట్టరికం చెప్పేస్తే తప్పు లెక్క వస్తుంది. ఒకటిన్నర శతాబ్దం పాటు సైన్స్ ఆ పొరపాటు చేసింది, తర్వాత తానే దిద్దుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని 2025 ప్రకటన చదవాలి.

టెక్సాస్‌లోని డాలస్ కేంద్రంగా పనిచేసే కొలాసల్‌ను 2021లోనే బెన్ లామ్, హార్వర్డ్ జన్యుశాస్త్రవేత్త జార్జ్ చర్చ్ కలిసి స్థాపించారు. 2025 జనవరి నాటికి దాని విలువను 1,020 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. ఒహాయోలో దొరికిన 13 వేల ఏళ్ల పన్ను నుంచి, ఐడహోలో దొరికిన 72 వేల ఏళ్ల పుర్రెలోని చెవి ఎముక నుంచి డీఎన్‌ఏ తీసి చదివారు. ఇక్కడి దాకా చేసింది గొప్ప పని, అందులో అనుమానం లేదు. తర్వాత బతికున్న బూడిద తోడేలు రక్తం నుంచి కణాలు తీసుకుని, వాటిలోని 14 జన్యువుల్లో 20 మార్పులు చేశారు. ఆ కణాల కేంద్రకాలను కేంద్రకం తీసేసిన అండాల్లో పెట్టి, ఆ పిండాలను పెంపుడు కుక్కల గర్భంలో పెంచారు. 2024 అక్టోబర్ 1న రోములస్, రీమస్ అనే మగపిల్లలు, 2025 జనవరి 30న ఖలీసీ అనే ఆడపిల్ల పుట్టాయి. 2 వేల ఎకరాలకు పైగా ఉన్న, ఎక్కడుందో బయటికి చెప్పని కంచె వేసిన స్థలంలో వాటిని పెంచుతున్నారు.

బతికున్న డైర్ వుల్ఫ్ కణం ఎవరి దగ్గరా లేదు. ఎముకలో దొరికిన డీఎన్‌ఏ తునకలైపోయి ఉంటుంది. దాన్ని చదవొచ్చు గానీ దాంతో జంతువును పుట్టించలేరు. కాబట్టి ఆ పిల్లల ఒంట్లో ఉన్నదంతా బూడిద తోడేలు డీఎన్‌ఏనే, అందులో 20 చోట్ల దిద్దుబాటు జరిగింది. డైర్ వుల్ఫ్, బూడిద తోడేళ్ల జన్యుపటాలు (మొత్తం డీఎన్‌ఏ) 99.5 శాతం ఒకటేనని కంపెనీయే చెప్పింది. తోడేలు జన్యుపటంలో దాదాపు 240 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలుంటాయి. అందులో అర శాతం అంటే 1.2 కోట్లు. వీటిలో చాలా తేడాల వల్ల జంతువులో ఏ మార్పూ ఉండకపోవచ్చు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ కోటికి పైగా తేడాల్లో ఏవి పట్టించుకోవాలో, ఏవి అక్కర్లేదో ఎవరు తేల్చారు?

ఫొటోల్లో అందరినీ ఆకట్టుకున్న ఆ తెల్లటి బొచ్చు సంగతి కూడా చూడాలి. చేసిన 20 మార్పుల్లో డైర్ వుల్ఫ్ డీఎన్‌ఏలో చూసి రాసుకున్నవి 15. డైర్ వుల్ఫ్‌ది లేత రంగు బొచ్చని దాని జన్యువులు సూచించాయని కంపెనీ అంటోంది. అయితే ఆ రంగు జన్యువులను అలాగే తోడేలులో పెడితే చెవుడు, గుడ్డితనం వచ్చే ప్రమాదం ఉంది. అందుకని అదే లేత రంగునిచ్చే వేరే మార్పులను ఎంచుకున్నారు. జంతువు ఆరోగ్యం చూసుకుని అలా చేయడం సరైన పనే. కానీ జనం చూసి 'ఇదిగో డైర్ వుల్ఫ్' అనుకున్న ఆ తెలుపు, డైర్ వుల్ఫ్ నుంచి వచ్చింది కాదు.

కంపెనీ ముఖ్య శాస్త్రవేత్త బెత్ షపీరో పాత డీఎన్‌ఏ రంగంలో పెద్ద పేరున్న మనిషి. ఒక జంతువు డైర్ వుల్ఫ్‌లా కనిపించి, డైర్ వుల్ఫ్‌లా ఉంటే దాన్ని డైర్ వుల్ఫ్ అనొచ్చని, జాతిని రూపాన్ని బట్టి నిర్వచించే పద్ధతి ఒకటుందని ఆమె వాదించారు. 2021 పరిశోధన పత్రం రాసినవాళ్లలో ఆమె కూడా ఒకరు. రూపం ఇక్కడ మోసం చేసిందని తేల్చిన పత్రం అదే. తగాదా మొత్తానికి మూలం నాకు ఇక్కడే కనిపిస్తుంది. కంపెనీ ప్రకటన తర్వాతి నెలలో ఒక ఇంటర్వ్యూలో, ఇవి 20 మార్పులు చేసిన బూడిద తోడేళ్లేనని షపీరో స్పష్టంగానే చెప్పారు. మొదటి నుంచీ తాము అదే అంటున్నామన్నారు. అప్పటికే 'డైర్ వుల్ఫ్ తిరిగొచ్చింది' అన్న మాట ప్రపంచమంతా చుట్టేసింది.

కంపెనీ దగ్గర ఇంకో జవాబు కూడా ఉంది. తమ దగ్గర 2021 నాటికన్నా ఎంతో ఎక్కువ డీఎన్‌ఏ ఉందని, దాని ప్రకారం డైర్ వుల్ఫ్ రెండు పాత వంశాల కలయికతో పుట్టిందని, బతికున్న జంతువుల్లో దానికి బూడిద తోడేలే అందరికన్నా దగ్గరని అంటోంది. ఇతర శాస్త్రవేత్తలు సరిచూడకముందే ఆ పత్రాన్ని ఆన్‌లైన్‌లో పెట్టారు. అది నిలబడితే 2021 వంశవృక్షాన్ని కొంత మార్చి గీయాల్సి వస్తుంది. అప్పుడు కూడా 1.2 కోట్లు, 20 అన్న లెక్క మాత్రం మారదు.

ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2016లోనే ఇలాంటి ప్రయోగాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పోయిన జంతువును యథాతథంగా తేవడం కుదరదు కాబట్టి, వచ్చేదాన్ని దాని బదులుగా నిలిచే జంతువుగా చూడాలంది. అది పాత జంతువు చేసిన పనిని ప్రకృతిలో చేయగలగాలంది. 2025 ఏప్రిల్‌లో ఐయూసీఎన్‌లోని కుక్కజాతి నిపుణుల బృందం ఆ మూడు పిల్లలను ఈ కొలతతోనే చూసి, ఇవి డైర్ వుల్ఫ్‌లు కావు, వాటికి బదులు జంతువులు కూడా కావు అని తేల్చింది. డైర్ వుల్ఫ్ వేటాడిన పెద్ద జంతువుల్లో చాలావరకు ఇప్పుడు లేవు. ఈ పిల్లలను వదిలిపెట్టడానికి అడవేదీ?

ఇదంతా శాస్త్రవేత్తలు తమలో తాము తేల్చుకునే సంగతైతే ఇంత వేడి ఉండేది కాదు. ప్రకటన వచ్చిన రోజునే అమెరికాలో వన్యప్రాణుల శాఖ చూసే అంతర్గత వ్యవహారాల మంత్రి డగ్ బర్గమ్ దీన్ని మెచ్చుకున్నారు. అంతరించేవాటి జాబితా అవసరమే లేకుండా పోవాలన్నారు. అమెరికా గొప్పతనానికి కారణం కొత్త ఆవిష్కరణలే గానీ ఆంక్షలు కాదన్నారు. పది రోజులకు, ఏప్రిల్ 17న, అదే ప్రభుత్వం 1973 నాటి అంతరించే జీవుల చట్టం కింద 'హాని' అన్న మాటకున్న నిర్వచనాన్ని తీసేయాలని ప్రతిపాదించింది. జంతువును చంపకపోయినా అది బతికే అడవిని పాడుచేయడం కూడా హానే అని ఆ నిర్వచనం చెప్పేది. 1995లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఈ ప్రతిపాదనకు కొలాసల్ కారణమని నేను అనడం లేదు. కానీ పోయినదాన్ని తెచ్చుకోవచ్చన్న నమ్మకం జనంలో పెరిగితే ఎవరికి ఊతమవుతుందో ఆ పది రోజులు చూస్తే అర్థమవుతుంది.

కొలాసల్ ఏప్రిల్ ప్రకటనలో ఇంకో సంగతి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోలేదు. ఎర్ర తోడేళ్ల వంశం కలిసిన జంతువుల కణాలతో కంపెనీ నాలుగు పిల్లల్ని క్లోన్ చేసింది. ఉత్తర కరోలినా అడవిలో ఎర్ర తోడేళ్లు అప్పటికి ఇరవైకి అటూ ఇటూ మాత్రమే మిగిలాయి. ఈ క్లోన్లను ఎర్ర తోడేళ్లనాలా వద్దా అన్నదాని మీదా వాదన ఉంది. అయినా అసలైన అవసరం, బతికున్న కణం, వదలడానికి నేల, ఈ మూడూ ఉన్న చోటు ఇదే. డబ్బూ కెమెరాలూ ముందు ఇటు తిరగాల్సింది.

మన దేశంలోనూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది. 2000 తర్వాతి మొదటి ఏళ్లలో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఇరాన్ నుంచి ఆసియా చీతా కణాలు తెచ్చి క్లోన్ చేయాలనుకుంది, ఇరాన్ ఒప్పుకోలేదు. తర్వాత ఆఫ్రికా చీతాలను తేవాలన్న ప్రయత్నాన్ని 2013లో సుప్రీంకోర్టు ఆపింది. అవి మన అడవుల్లో ఉండిన చీతాలు కావన్నది అప్పటి ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి. 2020లో ప్రయోగంగా అనుమతించింది, 2022 సెప్టెంబర్‌లో నమీబియా చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి వచ్చాయి. ఆసియా, ఆఫ్రికా చీతాలు విడిపోయింది కొన్ని పదుల వేల ఏళ్ల కిందటే. ఆ కాస్త తేడాకే మన దగ్గర కోర్టు దాకా వెళ్లారు. డైర్ వుల్ఫ్ విషయంలో తేడా లక్షల ఏళ్లది.

అదే సీసీఎంబీకి చెందిన వన్యప్రాణుల ప్రయోగశాల లాకోన్స్, హైదరాబాద్ నెహ్రూ జూ కలిసి మూషిక జింకలను పెంచి 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలాయి. దానికి ప్రపంచవ్యాప్తంగా ప్రకటనలు రాలేదు. ఆ జింకలు మాత్రం వాటి సొంత అడవిలోకే వెళ్లాయి.

ఇప్పుడు వంతు మోవాది. న్యూజిలాండ్‌లో సుమారు 600 ఏళ్ల కిందట, మనుషులు అడుగుపెట్టిన కొద్ది తరాలకే, వేటకు బలై అంతరించిన పక్షి అది. పెద్ద ఆడపక్షి మెడ చాపితే 3.6 మీటర్ల ఎత్తు, బరువు 200 కిలోల పైమాట, రెక్కల జాడే లేదు. 2025 జూలైలో కొలాసల్ దీన్ని తెస్తామంది, కాంటర్‌బరీ యూనివర్సిటీలోని న్గై తహు పరిశోధన కేంద్రం ఇందులో భాగస్వామి. మోవాకు బతికున్న దగ్గరి చుట్టాలు దక్షిణ అమెరికాలోని చిన్న టినమూ పక్షులు, అవీ విడిపోయి 5 కోట్ల ఏళ్లు దాటింది. డైర్ వుల్ఫ్, బూడిద తోడేళ్ల మధ్య ఉన్న దూరం దీని ముందు చాలా తక్కువ. ఆ గుడ్డులోంచి ఏ పిల్ల బయటికొచ్చినా, ఎవరి కణంలో ఎన్ని మార్పులు చేశారో, ఏవి వదిలేశారో, బయటివాళ్లెవరు సరిచూశారో ఫొటోతో పాటే చెప్పాలని ఇప్పుడే అడగాలి.