డోరు తట్టి చూడండి

కారు డోరు బయటి రేకును వేలి కణుపుతో ఓసారి తట్టండి. ఖాళీ డబ్బాలా మోగుతుంది. ఇప్పుడు రెండో చేతిని రేకుకు గట్టిగా ఆనించి మళ్లీ తట్టండి. మోత చచ్చిపోయి ‘టప్’మని ఆగుతుంది. చెయ్యి జారిన స్టీలు పళ్లెం నేల మీద గింగిరాలు తిరుగుతూ మోగుతుంటే ఎవరో చటుక్కున దాని మీద చెయ్యి వేసినట్టన్నమాట. కారులో పాట బాగా వినిపించాలని డోర్లకు అతికించే డ్యాంపింగ్ షీట్లు చేసేది ఆ చేతి పనే. వాటిని సౌండ్ ప్రూఫింగ్ అని పిలుస్తుంటారు గానీ, అవి శబ్దాన్ని ఆపే గోడలు కావు. ఈ తేడా తెలియక కారంతా షీట్లు పరిచి, రోడ్డు మోత పెద్దగా తగ్గలేదని పెదవి విరిచేవాళ్లు చాలామంది.

ముందు స్పీకర్ సంగతి చూద్దాం. దాని కోన్ (గరాటులా ఉండే పొర) ముందుకు కదిలినప్పుడు ఎదురుగా ఉన్న గాలిని నొక్కుతుంది, అదే క్షణంలో వెనకాల గాలిని పలచన చేస్తుంది. అంటే ముందు నుంచి ఒక అల, వెనక నుంచి దానికి సరిగ్గా తలకిందులుగా ఇంకో అల పుడతాయి. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఎక్కువగా నష్టపోయేది బాస్, అంటే పాటలోని బరువైన, లోతైన శబ్దం. ఇంట్లో వాడే స్పీకర్లను పెట్టెలో బిగించడానికి ఇదొక ముఖ్య కారణం. కారులో ఆ పెట్టె డోరే. పెట్టె అని పేరే గానీ, దాని బయటి రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. లోపలి రేకుకేమో, అద్దం ఎత్తే మెకానిజం బిగించడానికి చెయ్యి పట్టేంత కంతలు. చాలా కార్లలో ఆ కంతల మీద పలచటి ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. అది వాన నీళ్లు లోపలికి రాకుండా పెట్టింది. బాస్‌కు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అందుకే కొత్త స్పీకర్లు కొనే ముందు ఈ కంతలు గట్టిగా మూయించమంటాను. పాత స్పీకరే కొత్తదేమో అనిపించే సందర్భాలున్నాయి.

ఇక షీటు. చూడటానికి ఏమీ ఉండదు: ఒక పక్క జిగురుగా, నల్లగా బ్యూటైల్ రబ్బరు, దాని మీద అల్యూమినియం రేకు. ఆ మెరుపు అందం కోసమనుకుంటే పొరపాటు, అసలు కిటుకు అక్కడే ఉంది. డోరు రేకు కంపించడమంటే అటూ ఇటూ వంగడం. ఇనుప రేకు వంగుతుంటే పైనున్న అల్యూమినియం దానితోపాటు సాగడానికి ఒప్పుకోదు. మధ్యలో ఇరుక్కున్న రబ్బరు రెండు పక్కలకూ లాగబడి నలుగుతుంది. నలిగిన ప్రతిసారీ కంపనంలోని శక్తి కొంత వేడిగా మారుతుంది. చేత్తో ముట్టుకుంటే తెలిసేంత వేడి కాదులెండి. రేకుకు మెత్తటి పూత వేస్తే కంపనం ఎంత తగ్గుతుందో 1952లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబర్స్ట్ లెక్కగట్టాడు. ఆ మెత్తటి పొర మీద గట్టి పొర ఒకటి కప్పితే ఏమవుతుందో 1959లో ఎడ్వర్డ్ కెర్విన్ వివరించాడు. ఇప్పుడు మనం అతికించేది ఆ రెండో రకాన్నే.

ఇంకో మంచి సంగతి, రేకంతా కప్పనక్కర్లేదు. బాగా వంగే నడిమి భాగంలో పావు వంతు మేర అతికిస్తే చాలావరకు మోత చస్తుంది. ఆ తర్వాత అంటించే ప్రతి ముక్కకూ ఫలితం తగ్గుతూ పోతుంది, కారు బరువు మాత్రం పెరుగుతూ పోతుంది.

మరి బయటి మోత? అక్కడ లెక్క వేరు. పలచటి గోడ బరువును రెట్టింపు చేస్తే దాన్ని దాటి వచ్చే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) తగ్గుతుంది. 0.8 మిల్లీమీటర్ల ఇనుప రేకు చదరపు మీటరుకు 6.3 కిలోలు తూగుతుంది. దానికి 3 కిలోల షీటు కలిపితే లెక్క ప్రకారం తగ్గేది మూడున్నర డెసిబెల్స్ లోపే. అదీ ఎక్కడా సందు లేకపోతేనే. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉన్నా, మిగతాది ఎంత మందమైనా 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు అరిగిపోయి ఉంటే ముందు దాన్ని మార్చుకోవాలి. ఇక మోత తగ్గుతుందని కొందరు అతికించే స్పాంజి మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 100 హెర్ట్జ్, అంటే సెకనుకు వంద సార్లు కంపించే లోతైన శబ్దపు అల పొడవు 3.4 మీటర్లు. సెంటీమీటరు మందం స్పాంజి దాన్నేం చేస్తుంది? అది పట్టుకునేది సన్నటి, కీచు శబ్దాలను.

అలాగని మూడు డెసిబెల్స్‌ను చిన్నచూపు చూడకండి. టైర్ల గురగుర తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం. అది తన కంటే పై ఫ్రీక్వెన్సీలను కూడా చెవికి వినపడకుండా కప్పేస్తుంది. దాని మీదుగా పాట వినిపించాలని మనం వాల్యూమ్ పెంచుతాం. రోడ్డు మోత 3 డెసిబెల్స్ తగ్గితే, మోతకూ పాటకూ మధ్య దూరం యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంతగా పెరుగుతుంది.

పనికి దిగేవాళ్లకు రెండు మూడు మాటలు. రేకు మీది జిడ్డు స్పిరిట్‌తో తుడవాలి, షీటును రోలర్‌తో గట్టిగా నొక్కాలి. కింద గాలి బుడగ ఉన్న చోట రబ్బరు నలగదు, పని చెయ్యదు. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మూశారా, తుప్పును పిలిచినట్టే. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ డోరు లోపలి గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది. అలాంటి కారైతే తెలిసినవాళ్లను అడగకుండా డోరు జోలికి పోవద్దు. చవగ్గా దొరికే తారు షీట్లు ఎండకు మెత్తబడి జారతాయి, వాసన కూడా కొడతాయి.

అన్నీ సరిగ్గా కుదిరి కారు నిశ్శబ్దమయ్యాక ఇంకో టెన్షన్ మొదలవుతుంది. ఇన్నాళ్లూ ఆ మోత చాటున దాక్కున్న చిన్న చిన్న చప్పుళ్లు ఒక్కొక్కటే బయటపడతాయి. డోర్ ప్యాడ్ క్లిప్పు, లోపల వేలాడే వైరు, డ్యాష్‌బోర్డ్ మూల. అప్పుడిక ఫెల్ట్ టేపు చుట్ట ఒకటి పట్టుకుని, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, ఆ టకటక ఎక్కడిదో వెతుక్కోవడమే.