తుపాకీ రూల్స్ మన టౌన్‌షిప్ చేతిలో ఉంటాయా? పెన్సిల్వేనియా అపోహలు - వాస్తవాలు

నేను పెన్సిల్వేనియాలో టౌన్‌షిప్‌లకు (ఇక్కడ ఊరి స్థాయి స్థానిక ప్రభుత్వాలు) లాయరుగా పని చేస్తాను. ఆమధ్య ఒక మీటింగ్‌కి మన తెలుగావిడ సంతకాల కాగితాలు పట్టుకొచ్చారు. "పిల్లలు ఆడుకునే పార్కులోకి తుపాకులు తేకూడదని ఒక్క రూల్ పెట్టండి, చాలు" అన్నారు. బోర్డు సభ్యులంతా నా వైపు చూశారు. ఆ అధికారం వాళ్లకు లేదని ఆవిడకు నేనే చెప్పాల్సి వచ్చింది, చాలా కష్టంగా అనిపించింది.

అపోహ: మన ఊరి సంగతి మన ఊరే తేల్చుకోవచ్చు.
వాస్తవం: చెత్త, పార్కింగ్, జోనింగ్ అయితే సరే. తుపాకీ దగ్గరికొచ్చేసరికి 1974 నాటి రాష్ట్ర చట్టం, సెక్షన్ 6120, అడ్డొస్తుంది. చట్టబద్ధంగా తుపాకీ ఉంచుకోవడం, చేతులు మార్చడం, వెంట తీసుకెళ్లడం మీద కౌంటీ గానీ మునిసిపాలిటీ గానీ టౌన్‌షిప్ గానీ సొంతంగా ఆంక్షలు పెట్టకూడదు.

అపోహ: పెద్ద నగరాలకు ఇది వర్తించదు.
వాస్తవం: ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్ రెండూ అసాల్ట్ వెపన్స్‌ని (సైనిక తరహా తుపాకుల్ని) నిషేధిస్తే 1996లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెల్లవంది, ఇది నగర కౌన్సిళ్లు కాదు, రాష్ట్ర శాసనసభ చూసుకోవాల్సిన విషయమంది. 2018 అక్టోబర్‌లో పిట్స్‌బర్గ్ ట్రీ ఆఫ్ లైఫ్ యూదుల ప్రార్థనా మందిరంలో 11 మందిని కాల్చి చంపాక, ఆ నగరం 2019లో మళ్లీ ఆర్డినెన్సులు చేసింది (ఇక్కడ ఆర్డినెన్స్ అంటే మన దగ్గరలా గవర్నర్ ఇచ్చేది కాదు, కౌన్సిల్ చేసుకునే స్థానిక చట్టం). అదే ఏడాది కోర్టు వాటినీ కొట్టేసింది. అసలు ఈ అడ్డు చట్టమే ప్రజల హక్కులకు విరుద్ధమని వేసిన కేసు కూడా 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టులో నిలవలేదు.

అపోహ: అయితే ఊరు ఏమీ చేయలేదు.
వాస్తవం: తుపాకీ ఉండటం వేరు, పేల్చడం వేరు. ఊళ్లో ఎక్కడ పేల్చకూడదో స్ట్రౌడ్ టౌన్‌షిప్ పెట్టుకున్న నిబంధన 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు దగ్గర నిలబడింది.

అపోహ: అమెరికా అంతా ఇంతే.
వాస్తవం: చాలా రాష్ట్రాల్లో ఇంతే, కానీ ఇది రాసిపెట్టిన రాత కాదు. కొలరాడోలో బౌల్డర్ నగరం అసాల్ట్ వెపన్స్ మీద పెట్టిన నిషేధాన్ని 2021 మార్చి 12న జడ్జి ఆపేశారు, పది రోజులకే అదే ఊళ్లో ఒక సూపర్‌మార్కెట్‌లో కాల్పుల్లో 10 మంది పోయారు. ఆ జూన్‌లోనే ఊళ్లు రాష్ట్రం కంటే కఠినంగా రూల్స్ పెట్టుకునే వీలిస్తూ అక్కడి శాసనసభ చట్టం మార్చింది.

మనవాళ్లు తరచూ అడిగేది ఇంకొకటి: రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడం ఫెడరల్ నేరం, హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప.

ఆవిడ కాగితాలు వృథా పోలేదు. మీటింగ్ అయ్యాక ఇద్దరం కూర్చుని పైన ఉన్న టౌన్‌షిప్ పేరు కొట్టేసి, ఆ ఏరియా రాష్ట్ర ప్రతినిధి, సెనేటర్ పేర్లు, రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్ అడ్రసు రాశాం.