టీఎస్‌హెచ్ నార్మల్ అయితే క్యాన్సర్ లేనట్టేనా?

"థైరాయిడ్ నార్మలే వచ్చింది కదండీ, ఇక ఈ గడ్డకు పరీక్ష ఎందుకు?" మెడ మీద గడ్డతో వచ్చేవాళ్లు మొదట అడిగేది ఇదే. చేతిలో టీ3, టీ4, టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షల రిపోర్టు. థైరాయిడ్ గ్రంథి హార్మోన్‌ను సరిగ్గా తయారుచేస్తోందా లేదా అన్నదే అందులో తెలుస్తుంది. గడ్డ ఎలాంటిదో అందులో ఉండదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉంటుంది.

ఈ ఒక్క అపోహతోనే ఏళ్లు గడిచిపోతుంటాయి. మధ్యలో ఎవరో గడ్డ కరుగుతుందంటే థైరాక్సిన్ మొదలుపెడతారు. హార్మోన్ తక్కువైనవాళ్లకు ఆ మాత్ర. గడ్డ కరగడానికి కాదు.

చేయించాల్సింది మెడ అల్ట్రాసౌండ్. గ్రంథితోపాటు మెడ పక్కల లింఫ్ గ్రంథులు కూడా చూడమని అడగండి. రిపోర్టులో గడ్డ సైజు, అది ఎంత అనుమానంగా కనిపిస్తోందో చెప్పే టైరాడ్స్ అంకె ఉండాలి. టైరాడ్స్ 5 అయితే 1 సెంటీమీటరు, 4 అయితే 1.5, 3 అయితే 2.5 నుంచి సూది పరీక్ష (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూడటం) చేస్తారు. టీఎస్‌హెచ్ తక్కువగా ఉంటే మాత్రం ముందు న్యూక్లియర్ స్కాన్. అందులో 'హాట్' అని, అంటే హార్మోన్‌ను అతిగా తయారుచేస్తోందని తేలిన గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు. టీఎస్‌హెచ్ అసలు పనికొచ్చేది ఇక్కడే.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందనే పుకారు ఇంకా పోలేదు. రక్తం తీసే సూది కంటే సన్నది అది. ఆ భయంతో పరీక్ష మానేయకండి. సూది పరీక్ష ఫలితాన్ని 1 నుంచి 6 దాకా బెథెస్డా అంకెల్లో చెబుతారు. రిపోర్టులో బెథెస్డా 1 అని ఉంటే 'ఏమీ లేదు' అని కాదు, కణాలు సరిపోలేదని, మళ్లీ తీయించాలి. 2 మామూలు గడ్డ, 6 క్యాన్సర్, 5 బలమైన అనుమానం. 3, 4 అంటే అటో ఇటో తేలనివి, వాటి దగ్గర తొందరపడి సర్జరీకి తేదీ తీసుకోకుండా నిపుణులకు చూపించండి.

కంగారుపడేవాళ్లకు ఒక మాట: నూటికి 90కి పైగా గడ్డలు క్యాన్సర్ కావు. ఒకవేళ క్యాన్సరే అయినా ఎక్కువగా నెమ్మదిగా పెరిగే పాపిల్లరీ రకమే. మంచి సర్జన్‌ను వెతకడానికి కొన్ని వారాలు పడితే కొంపలేం మునగవు. గొంతు బొంగురుపోయినా, గడ్డ గబగబా పెరుగుతున్నా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఆగొద్దు.

ఏడాదికి ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారని సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి. 25 కూడా దాటకపోతే ఎండోక్రైన్ సర్జన్‌ను వెతకండి. విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. మాట పలికించే నరం, క్యాల్షియం చూసుకునే పారాథైరాయిడ్ గ్రంథులు థైరాయిడ్‌ను ఆనుకునే ఉంటాయి, అందుకే చేయి తిరిగిన సర్జన్ కావాలి. ఆపరేషన్ తర్వాత పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరెక్కితే క్యాల్షియం పడిపోతున్నట్టు, వెంటనే చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత మిగిలిన థైరాయిడ్ కణాలను చంపడానికి ఇచ్చే రేడియో అయోడిన్ అందరికీ అక్కర్లేదు. ఇస్తామంటే, ఈమధ్య కాంట్రాస్ట్ సీటీ (మందు ఎక్కించి తీసే స్కాన్) తీయించుకుని ఉంటే ముందే చెప్పండి. అందులోని అయోడిన్ వల్ల వారాలపాటు ఆగాల్సి వస్తుంది. రేడియో అయోడిన్‌కు ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ ఉప్పు, చేపలు, పాలు, గుడ్డు పచ్చసొన మానాలి. కల్లుప్పే కదా అనుకోకండి, ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉందేమో చూడండి.