టూరింగ్ కారు, ఇ20 పెట్రోలు, సీమ బోరు నీళ్లు

ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏ బంకుకెళ్లినా మామూలు పెట్రోలంటే ఇ20. లీటరులో దాదాపు అయిదో వంతు ఇథనాల్. దీని మీద కొత్త బండ్ల వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. వందేళ్ల నాటి టూరింగ్ కార్ల (టాపు మడిచే ఓపెన్ కార్ల) సంగతి ఎవరికీ పట్టదు, మిగిలినవే తక్కువ కాబట్టి. కానీ ఉన్న చోట చిక్కు గట్టిదే. దానికి తోడు నిబంధనల మెలిక ఒకటుంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ (పాతకాలపు) వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనానికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు, మళ్లీ చేయించుకుంటే 5 వేలు. రోజూ తిరగడానికి పనికిరాదు గానీ ర్యాలీకి, ప్రదర్శనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి బయటికి తీయొచ్చు. అయితే ఛాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పేదీ చేసి ఉండకూడదు. పాత బాడీ కింద కొత్త ఇంజను దించేసి గట్టెక్కే దారి అలా మూసుకుపోయింది. పెట్రోలు మారింది, ఇంజను మాత్రం మారకూడదు. అందుకే ఆ ఇంజన్ను అలా ఎందుకు కట్టారో తెలియకుండా స్పానరు పట్టుకుంటే లాభం లేదు.

ఉదాహరణకు ఫోర్డ్ మోడల్ టి టూరింగ్‌నే తీసుకుందాం. ఆ కాలపు టూరింగ్ కార్లలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైంది ఇదే, దీని విడిభాగాలు నేటికీ కొత్తగా తయారవుతున్నాయి. 1908 అక్టోబరు నుంచి 1927 మే దాకా మోడల్ టి మొత్తం కోటిన్నర దాకా తయారైంది. టూరింగ్ అంటే అయిదుగురు కూర్చునే ఓపెన్ బాడీ. వెనక్కి మడిచే కాన్వాసు టాపు, వాన వస్తే పక్కలకు తగిలించే తెరలు, అద్దాల కిటికీలు ఉండవు. మొదట్లో ధర 850 డాలర్లు, 1925 నాటికి 300 లోపుకు దిగింది. అప్పటికే జనం మూసిన కార్ల వైపు మళ్లారు. 1919లో అమెరికాలో అమ్ముడైన కార్లలో పదో వంతు మాత్రమే మూసినవి, 1927కల్లా అవే 85 శాతం. టూరింగ్ బాడీ పాతబడిపోయింది.

బ్రిటిష్ వలసలకు కుడి స్టీరింగుతో ఈ కార్లను పంపింది కెనడాలోని వాకర్‌విల్ ఫ్యాక్టరీ. 1926లో ఫోర్డ్ ఇండియాలో కంపెనీ పెట్టి, తర్వాత బొంబాయిలో విడిభాగాలు తెచ్చి కార్లు బిగించే కేంద్రం నడిపింది. స్వాతంత్ర్యం తర్వాత, దేశంలో తయారు చేయకుండా బిగింపు మాత్రమే చేసే కంపెనీలకు చోటు లేదన్న విధానం 1953లో వచ్చింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ దుకాణం కట్టేశాయి. అప్పటి నుంచి పాత కార్లకు అసలు సామాను రావడం ఆగిపోయి, లేత్ మీద తీసినదే దిక్కయింది. నేటి తంటాల్లో కొన్ని పెట్రోలు వల్ల వచ్చినవి కావు, ఆ రోజుల్లో ఏది దొరికితే అది బిగించిన ఫలితం.

ముందు ఒక అపోహ సంగతి. పాత కార్లకు సీసం కలిపిన పెట్రోలు కావాలని, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు రావడంతోనే వాల్వులు పాడవుతున్నాయని చాలామంది నమ్ముతారు. మోడల్ టి విషయంలో ఇది తప్పు. పెట్రోలులో సీసం కలిపి అమ్మడం మొదలైందే 1923లో. ఈ ఇంజను అంతకు 15 ఏళ్ల ముందుది, సీసం ఎరగకుండానే డిజైనైంది. కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండరులో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్నది, దాదాపు 4:1. నాలుగు సిలిండర్లు, 2.9 లీటర్లు, 20 హార్స్‌పవర్. ఇంత తక్కువ కంప్రెషన్‌కు నాసిరకం పెట్రోలూ సరిపోతుంది. ఎక్కువిచ్చి, ఎక్కువ కంప్రెషన్ ఇంజన్ల కోసం చేసే హై ఆక్టేన్ పెట్రోలు పోయించడం డబ్బు దండగ.

అసలు తిప్పలు ఇథనాల్‌తోనే. మన దేశంలో 5 శాతం కలపడం 2001లో ప్రయోగంగా మొదలైంది. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాలకు వచ్చింది. 2022 జూన్‌కు 10 శాతం, 2023 ఫిబ్రవరి నుంచి విడతలవారీగా 20 శాతం. మోడల్ టి ఆల్కహాల్‌తో నడవడానికే చేశారన్న మాట తరచూ వినిపిస్తుంది. ఇంజను వరకు అది పెద్ద తప్పు కాదు, డాష్‌బోర్డు దగ్గరి పుల్ల తిప్పి గాలిలో కలిసే పెట్రోలును ఎక్కువ తక్కువ చేసుకోవచ్చు కదా. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరులో, గిన్నె నిండగానే తేలి సూది వాల్వును మూసే ఫ్లోట్ దగ్గరికి వచ్చేసరికే ఆ మాట చెల్లదు. అప్పటి ఫ్లోట్ బెరడు ముక్క, అంటే కార్కు. దానికి పైన లక్క వార్నిషు పూత. లక్క పెట్రోలులో కరగదు, ఇథనాల్‌లో కరుగుతుంది. పూత పోగానే కార్కు పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది, మునుగుతుంది, సూది వాల్వు మూసుకోదు. గిన్నె పొంగి పెట్రోలు కిందికి కారుతుంది. పక్కనే ఎగ్జాస్టు మానిఫోల్డు ఉంటుంది కాబట్టి ఇది మంటల దాకా వెళ్లే సంగతి.

దీన్ని పట్టుకోవడం తేలిక. ఫ్లోట్ బయటికి తీసి ఆరబెట్టి, ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో కనబడే లాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తూచండి. తర్వాత ఒక గాజు సీసాలో ఇ20లో రెండు రోజులు ముంచి ఉంచి, పైన తుడిచి మళ్లీ తూచండి. బరువు పెరిగిందంటే పూత అయిపోయినట్టే. ఆరాక కొత్తగా లక్క పూయడం వృథా. కార్కును బాగా ఎండబెట్టి సూపర్ గ్లూ రకం జిగురును పలుచగా రెండు మూడు పూతలు వేస్తే ఇథనాల్‌ను తట్టుకుంటుంది. అంతకంటే మేలు ఇత్తడి ఫ్లోటు గానీ, ఇంధనం పీల్చని మూసిన గదుల నురగ ఫ్లోటు గానీ మార్చడం. ఇంజనులో పెద్ద మార్పు కాదు కాబట్టి వీఏ నంబరుకు అడ్డం కాకపోవచ్చు. ఎక్కడైనా రబ్బరు పైపు ముక్క వేసి ఉంటే ఇథనాల్‌ను తట్టుకునేది, పైన ‘జె30 ఆర్9’ అని అచ్చు ఉన్నది వేయాలి.

తర్వాతది మిశ్రమం. పెట్రోలు పూర్తిగా మండడానికి కిలోకు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. ఇ20కి సుమారు 13.5. పాత అమరిక మీదే నడిపితే మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. డాష్ దగ్గరి పుల్లను మామూలు కంటే ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు దాకా తెరవాలి. పది కిలోమీటర్లు నడిపాక ప్లగ్గు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే ఇంకా పలచనే, లేత గోధుమ రంగుకు రావాలి. పాత ట్యాంకులో అడుగున గట్టిపడ్డ మడ్డిని ఇథనాల్ విడగొడుతుంది కాబట్టి మొదటి రెండు మూడు ట్యాంకుల దాకా ట్యాంకు కింద మడ్డి పట్టే సెడిమెంటు బల్బును తరచూ విప్పి కడగాలి. నెలల తరబడి షెడ్డులో ఉంచేటప్పుడు ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయడమే మంచిది. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, నీరు ఎక్కువైతే విడిపోయి అడుగుకు చేరుతుంది.

పోసింది ఇ20నా కాదా అన్న అనుమానం ఉంటే 100 మిల్లీలీటర్ల కొలగాజులో 20 నీళ్లు, 80 పెట్రోలు పోసి, మూసి బాగా కదిపి పది నిమిషాలు వదలండి. ఇథనాల్ నీటిలోకి దిగుతుంది. అడుగు పొర 36 దాకా పెరిగితే 20 శాతం. ఇది చూసి కొందరు ఇలాగే నీళ్లతో కడిగి ఇథనాల్ తీసేస్తామంటారు. ఆ పని చేయొద్దు. పెట్రోలు ఆవిరి మధ్య చేసే పని అది, పైగా మిగిలే ఇంధనంలో తేమ ఉండిపోతుంది.

ఇంకో చెడ్డ అలవాటు ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు బిగించడం. ట్యాంకు చివరి 1926-27 మోడళ్లు తప్ప మిగతా టూరింగ్ కార్లలో ముందు సీటు కింద ఉంటుంది, పెట్రోలు తన బరువుకే కార్బురేటరులోకి దిగుతుంది, ఒత్తిడి చదరపు అంగుళానికి ఒక పౌండు కూడా ఉండదు. బజారు పంపు మూడు, అంతకంటే ఎక్కువ పౌండ్లు ఇస్తుంది. అప్పుడు మంచి ఫ్లోట్ కూడా సూదిని ఆపలేదు.

నీటి విషయానికి వస్తే, మొదటి రెండున్నర వేల కార్ల తర్వాత ఫోర్డ్ వాటర్ పంపు తీసేసింది. వేడి నీరు తేలికై పైకి లేచి రేడియేటరులోకి పోతుంది, చల్లబడి కింద నుంచి బ్లాకులోకి వస్తుంది. ఒక్క కదిలే భాగం లేదు. కానీ నీటి మట్టం పై పైపు నోటికి కిందికి దిగిన క్షణాన ప్రవాహం ఆగిపోతుంది, మిగిలిన నీళ్లు ఎంతున్నా ఉపయోగం లేదు. మూతకు ప్రెషర్ ఉండదు కాబట్టి 100 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బయట 25 డిగ్రీలుంటే రేడియేటరుకు 75 డిగ్రీల తేడా చేతిలో ఉంటుంది, మన మే నెల 42లో అది 58కి పడిపోతుంది. చల్లబరిచే శక్తిలో దాదాపు పావు వంతు ఎండకే పోయింది. పైన చెప్పిన పలచటి మిశ్రమం, దాని మీద స్పార్కు మీటను వెనక్కే, అంటే స్పార్కు ఆలస్యంగా పడేలా, వదిలేయడం తోడైతే మరగక ఏం చేస్తుంది? స్టీరింగు కింది రెండు మీటల్లో ఒకటి స్పార్కుది, రెండోది థ్రాటిల్‌ది. స్టార్టు చేసేటప్పుడు వెనక్కి పెట్టిన స్పార్కును, ఇంజను అందుకోగానే ముందుకు తేవాలి. రేడియేటరు మార్చినా తగ్గని వేడి చాలాసార్లు దీనితో తగ్గుతుంది.

అన్నిటినీ మించింది బోరు నీరు. అనంతపురం జిల్లా బోరు నీటి కాఠిన్యం ఇంట్లో గీజరు రాడ్డు చూసిన వాళ్లెవరికైనా తెలుసు. పంపు లేని వ్యవస్థలో గొట్టాల లోపల సగం మిల్లీమీటరు పొర పేరుకున్నా ప్రవాహం మందగిస్తుంది. తుంగభద్ర నీళ్లు దొరికే కర్నూల్లో కాస్త నయం. ఎక్కడైనా సరే, డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు నిరోధకం కలిపి 11, 12 లీటర్లు పోయడమే సరైన పద్ధతి. పేరుకున్న పొరకు పది లీటర్ల నీటిలో అర కిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఇంజను వేడిగా ఓ గంట నడిపి, వదిలి, వంట సోడా నీళ్లతో ఒకసారి, మంచి నీళ్లతో రెండుసార్లు కడగాలి. బాత్రూం యాసిడ్ ముట్టొద్దు, సాల్డరు అతుకులు తినేస్తుంది. కడిగాక లీకులు బయటపడతాయి. అవి కొత్తవి కావు, ఇన్నాళ్లూ ఆ పొరే మూసి ఉంచింది.

ఘాట్ రోడ్డు మీదైతే మరో మూడు సంగతులు. ఆయిల్ పంపు లేదు, ఫ్లైవీలు చిమ్మిన నూనే అన్నిటికీ. ఆయిల్ పాన్‌కు రెండు చిన్న కుళాయిలుంటాయి. మట్టం వాటి మధ్య ఉండాలి, కింది కుళాయి నుంచి చుక్క రాకపోతే అక్కడే ఆపేయాలి. కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్ లాంటి పొడుగాటి ఎక్కుడులో నూనె వెనక్కి జరిగి ముందు సిలిండరు రాడ్డు బేరింగు ఎండిపోతుంది, దాని లోపలి మెత్తటి లోహపు పూత, వైట్ మెటల్, ముందుగా పోవడానికి కారణం అదే. ట్యాంకు సీటు కింద ఉన్న కారులో పెట్రోలు పావు కంటే తక్కువున్నప్పుడు నిటారు ఎక్కుడు వస్తే కార్బురేటరు పెట్రోలు మట్టానికి పైకి పోతుంది. అందుకే అప్పట్లో ఆ కారును వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు.

దిగేటప్పుడు ప్రమాదం ఇంకా పెద్దది. కాలి బ్రేకు చక్రాల మీద కాదు, గేరుబాక్సులో ఒక పట్టీ మీద పని చేస్తుంది. అక్కడి నుంచి చక్రాలకు ఆ పట్టు చేరేది వెనక ఇరుసు గుండానే. ఇరుసులో పళ్లచక్రాలు పక్కకు జరగకుండా ఫోర్డ్ పెట్టిన థ్రస్టు వాషర్లు బాబిట్‌వి, అంటే ఆ మెత్తటి వైట్ మెటల్‌వే. వందేళ్లలో అవి పొడి అవుతాయి, పళ్లచక్రాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, పెడలు నొక్కినా కారు ఆగదు. చేతి మీట బ్రేకులు ఉన్నా నిలిపి ఉంచడానికే. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని పళ్లచక్రాల గూడు) నూనె తీసి తెల్ల గుడ్డలో వడకట్టినప్పుడు బూడిద రంగు మెరిసే పొలుసులు కనబడితే ఇరుసు విప్పి కంచు వాషర్లు వేయించాలి. పొలుసులు లేకున్నా, లోపల ఏవి ఉన్నాయో రాతపూర్వకంగా తెలియని కారును ఘాట్ ఎక్కించకముందు ఒకసారి విప్పి చూడాల్సిందే. కంచు వాషర్లు వేశాక కూడా దిగుడులో థ్రాటిల్ మూసి, ఎడమ వైపున్న లో గేరు పెడలును అదిమి ఇంజను పట్టు మీదే దింపాలి. బ్రేకు పట్టీని పొడుగునా అదిమి ఉంచితే దాని నూలు లైనింగు మాడి, ఆ పొట్టు నూనెలో కలిసి ఆయిల్ గొట్టానికి అడ్డం పడుతుంది.